లిప్ బ్లష్ ఎన్నాళ్లుంటుంది, పోయేటప్పుడు ఎలా పోతుంది?

ప్రశ్న అడిగినావిడ రాసినదాని సారాంశం ఇదీ: వయసు ఇరవై ఆరు, చిన్నప్పట్నుంచీ పెదవులు కాస్త నలుపు, ఫిబ్రవరిలో పెళ్లి, ఇంకా నాలుగు నెలలుంది. లిప్ బ్లష్, అంటే సూదితో పెదవి చర్మంలోకి రంగు ఎక్కించడం, చేయించుకుందామని వెళ్తే ఒక పార్లర్‌లో "అయిదేళ్లు గ్యారంటీ, ఇక లిప్‌స్టిక్ కొనక్కర్లేదు" అన్నారట. ఇంకోచోట "ఆర్నెల్లకే పోతుంది, డబ్బు దండగ" అన్నారట. వాళ్లక్క స్నేహితురాలికి మూడేళ్ల కింద వేయించిన రంగు ఇప్పుడు బూడిద రంగుకి తిరిగిందట. ఎవరి మాట నమ్మాలి, ఉన్న పెదవులు కూడా పాడవుతాయా అని ఆవిడ భయం.

నేను విజయవాడలో తొమ్మిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. అంతకుముందు ఆరేళ్లు మామూలు పార్లర్ పని, పెళ్లికూతురి మేకప్‌లు. నా చేత్తో రంగు వేసి, అవే పెదవుల్ని ఏడాదికీ రెండేళ్లకీ మళ్లీ చూసి తెలుసుకున్నవే ఎక్కువగా చెబుతాను.

ముందు సూటిగా జవాబు. సరైన లోతులో, మీ పెదవికి తగిన రంగుతో వేస్తే ఏడాదిన్నర నుంచి మూడేళ్లు కనిపిస్తుంది. నలుపు ఉన్న పెదవుల మీద రెండేళ్లు లెక్కేసుకోండి. ఆ రెండేళ్లూ ఒకేలా ఉండదు. మొదటి ఏడాది నిండుగా ఉండి, ఆ తర్వాత మెల్లమెల్లగా వెలిసిపోతూ, ఫలానా రోజున పోయిందని చెప్పలేనట్టుగా పోవాలి. అలా పోయేదే మంచి పని. "అయిదేళ్లు గ్యారంటీ" అన్నచోట మా చెల్లెల్ని నేను కూర్చోబెట్టను. పెదవి మీద రంగు అయిదేళ్లు చెక్కుచెదరకుండా నిలిచిందంటే చాలాసార్లు అది ఉండాల్సిన పొర దాటి కిందికి దిగిందని అర్థం. బూడిదకీ ఊదాకీ తిరిగేది అలా దిగిన రంగే.

ఆర్నెల్లకే పోయిందన్నవాళ్లు చెప్పేదీ అబద్ధం కాదు. సూది మరీ పైపైన ఆడినా, పని జరిగేటప్పుడు రక్తం ఎక్కువ వచ్చి రంగును బయటికి తోసేసినా, మానే పది రోజులూ జాగ్రత్త లేకపోయినా అంతే అవుతుంది. రెండో విడత వేయించుకోకుండా ఊరుకున్నవాళ్లకీ అంతే.

ఇదెందుకో అర్థం కావాలంటే మనిళ్లలో ఉన్న రెండు సంగతులు తలుచుకోండి. ఒకటి గోరింటాకు, రెండోది పచ్చబొట్టు. గోరింటాకు రంగు చర్మం పైన ఉండే చచ్చిన కణాల్లోనే పడుతుంది. ఆ పొర రాలిపోగానే రంగూ పోతుంది, రెండు మూడు వారాల్లో చేయి మామూలే. పచ్చబొట్టు అలా కాదు. మా అమ్మమ్మ ముంజేతి మీద ఒక పువ్వు, దాని కింద మూడు చుక్కలు ఉండేవి. పొడిచినప్పుడు అది నల్లటి మసి. నాకు తెలిసేసరికి ఆకుపచ్చా నీలమూ కలిసిన రంగులో, పువ్వు రేకులు ఒకదాంట్లోకి ఒకటి కారిపోయినట్టు ఉండేది. లోతుగా దిగిన నల్ల రేణువుల్ని చర్మం పొరల గుండా చూస్తే కంటికి నీలిగా, పచ్చగా కనిపిస్తాయి. పేరులోనే పచ్చ ఉంది చూడండి.

లిప్ బ్లష్ ఈ రెండింటికీ మధ్యది. పై పొర కిందికి, లోపలి చర్మం మొదలయ్యే చోటికి మాత్రమే సూది వెళ్లాలి. లోతు చెప్పాలంటే అర మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ, అంతే. అక్కడ పడిన రంగు రేణువుల్ని ఒంట్లోని రక్షణ కణాలు మింగి పట్టుకుని కూర్చుంటాయి. ఆ కణాలు చచ్చిపోతే వదిలిన రంగును పక్కనున్న కొత్త కణాలు మళ్లీ పట్టుకుంటాయని ఫ్రాన్స్‌లోని మార్సెయ్ శాస్త్రవేత్తలు 2018లో ఎలుకల తోకల మీద పచ్చబొట్టు వేసి చూపించారు. పచ్చబొట్టు దశాబ్దాలు నిలిచేది అందుకే. ఈ చేతులు మారడంలో సన్నటి రేణువులు కొన్ని కొట్టుకుపోతూ ఉంటాయి. ఎండకి కొన్ని విరిగిపోతాయి. పెదవి చర్మం మరీ పల్చన, కింద రక్తనాళాలు మరీ ఎక్కువ, పైగా రోజంతా తిండి, నీళ్లు, మాట, తడి. అందుకే ముంజేతి మీద ముప్పై ఏళ్లుండేది పెదవి మీద రెండేళ్లకే పల్చబడుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. "సెమీ పర్మనెంట్" అన్నది అమ్మేవాళ్లు పెట్టిన పేరు. చర్మంలోకి సూదితో రంగు ఎక్కించడం ఏదైనా పచ్చబొట్టే. రంగు చాలావరకు పోతుంది, నిజమే. కానీ నూటికి నూరు పాళ్లు జాడ లేకుండా పోతుందని మాటిచ్చే హక్కు ఎవరికీ లేదు. నా దగ్గర నాలుగేళ్ల తర్వాత కూడా పెదవి అంచున లేత గీత మిగిలినవాళ్లున్నారు. అది ఒప్పుకోగలిగితేనే వేయించుకోండి.

మొదటి నలభై రోజులు రంగు ఎలా మారుతుందో ముందే తెలిసి ఉండాలి. నాకు వచ్చే ఫోన్లలో సగం ఈ రోజుల్లోవే. వేసిన సాయంత్రం పెదవి ఉబ్బి, మీరు ఎంచుకున్న రంగు కన్నా చాలా ముదురుగా ఉంటుంది. "అక్కా, ఇంత ఎర్రగానా, రేపు ఆఫీసుకి ఎలా వెళ్లను" అంటారు. రెండో రోజుకి వాపు తగ్గి పెదవి బిగుసుకుంటుంది. మూడో రోజు నుంచి పెచ్చులు లేస్తాయి. ఉల్లిపాయ పైపొర ఎలా ఉంటుంది, అంత పల్చగా, రంగురంగుగా. ముఖం కడుక్కుంటే సింకులో రంగు పొట్టు కనిపిస్తుంది. అది చూసి గుండె గుభేలుమంటుంది, డబ్బంతా కాలవలో పోయిందనిపిస్తుంది. ఆ పొట్టుతో పోయేది పై పొరలో ఇరుక్కున్న రంగు. ఎలాగూ పోవాల్సిందే. వారం దాటేసరికి పెదవి పాలిపోయి, అసలు ఏమీ వేయనట్టు ఉంటుంది. పదో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా అలాగే ఉంటుంది, కంగారు పడకండి. కొత్తగా పెరిగిన పై పొర మొదట్లో మసకగా ఉంటుంది, తేటపడే కొద్దీ కింది రంగు మళ్లీ పైకి తేలుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలకి మీ అసలు రంగు కనిపిస్తుంది. మొదటి రోజు చూసినదాంట్లో దాదాపు సగం తగ్గి ఉంటుంది.

అందుకే మొదటి విడతని నేను సగం పనిగానే చూస్తాను. ఆరు నుంచి ఎనిమిది వారాలకి రెండో విడత ఉంటుంది. మూతి మూలల్లోనూ, లోపలి తడి అంచునా రంగు ఎప్పుడూ తక్కువ పట్టుకుంటుంది. ఎవరికైనా ముందు వెలిసేదీ అక్కడే. వాటిని రెండో విడతలో నింపుతాం. ఈ విడతకి డబ్బు కలిపి చెప్పారా, విడిగా తీసుకుంటారా అన్నది ముందే అడగండి.

ఇక మీ అసలు భయం, నలుపు గురించి.

మన పెదవుల్లో నలుపు ఉండేది పై పొరలో. మేం వేసే రంగు పడేది దాని కింద. అంటే నల్ల పరదా వెనక దీపం పెట్టినట్టు. ఎంత ముద్దుగా ఉండే గులాబీ రంగు వేసినా ఆ నలుపులోంచే కనిపించాలి. చల్లటి గులాబీ రంగు, అంటే నీలం పాలు కలిసిన గులాబీ, నలుపు మీద వేస్తే గులాబీగా కనిపించదు, ఊదాగా, బూడిదగా కనిపిస్తుంది. కాబట్టి నల్ల పెదవికి మొదటి విడతలో నారింజ వైపు ఉండే రంగు వేసి నీలిఛాయను కొట్టేస్తాం. నా వేలికి ఉంగరంలా తొడుక్కునే చిన్న గిన్నె ఉంటుంది, అందులో ఆ నారింజ చుక్క చూసి చాలామంది "ఇదేంటి, ఈ రంగు నేనడగలేదు" అంటారు. మొదటి వారం పెదవి గోరింటాకు పండినట్టు ఉంటుంది కూడా. మానాక చూస్తే నారింజ కనపడదు, నలుపు ఒక మెట్టు దిగి వెచ్చటి గోధుమరంగులోకి వస్తుంది. ఆ తర్వాతి విడతలో మీరు కోరిన రంగు. బాగా నల్లగా ఉన్న పెదవులకి మూడు విడతలు కూడా పడతాయి. ఒక్క సిట్టింగులో బేబీ పింక్ చేస్తామన్న చోట కూర్చోకండి.

ఇది నేను ఎవరి తప్పో చూసి నేర్చుకోలేదు. ఈ పని మొదలుపెట్టిన రెండో ఏట ఒక బ్యాంకు ఉద్యోగిని వచ్చింది. పై పెదవి బాగా నలుపు, కింది పెదవి మధ్యలో కొంచెం ఎరుపు. ఆవిడ ఫోన్లో చూపించిన ఫోటో ఒక కొరియా అమ్మాయిది, లేత గులాబీ. ఆవిడ పట్టుబట్టింది, నేను కాదనలేకపోయాను. అదే రంగు వేశాను. మొదటి రోజు అద్దంలో చూసుకుని మురిసిపోయింది. రెండు నెలలకి పై పెదవి చలికి కమిలినట్టు, కింది పెదవి మధ్యలో మాత్రం గులాబీగా, రెండూ రెండు ముఖాలవి అన్నట్టు ఉంది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, కౌంటర్లో మాస్క్ పెట్టుకునే కూర్చుంటున్నానని మాత్రం చెప్పింది. ఆ మాట ఇప్పటికీ నాకు గుర్తుంది. నారింజతో మూడు విడతలు దిద్ది, ఒక్క పైసా తీసుకోకుండా ఎనిమిది నెలలకి ఒక దారికి తెచ్చాను. అప్పట్నుంచీ ఎవరు ఏ ఫోటో చూపించినా ముందు వాళ్ల పెదవిని కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూస్తాను, కాదనాల్సి వస్తే కాదంటాను.

ఈమధ్య డాలస్ నుంచి వచ్చిన ఒకావిడ పెదవులూ అలాగే ఉన్నాయి. అక్కడ వేసినావిడ చేతిపని శుభ్రంగానే ఉంది, అంచు చక్కగా దిద్దింది. తెల్లవాళ్ల పెదవులకి వేసి అలవాటైన రంగు మన పెదవికి వేసింది, అంతే తేడా. విదేశాల్లో ఉన్నవాళ్లు వేయించుకునేటప్పుడు మనలాంటి ఛాయవాళ్ల ఫోటోలు అడిగి చూడండి.

బూడిదకి తిరగడానికి లోతు, చల్లటి రంగు కాక మూడో కారణం రంగు సీసాలోనే ఉంటుంది. ఏ రంగైనా రెండు మూడు రంగుల కలయిక. అన్నీ ఒకే వేగంతో వెలవవు. ఎండకి ఆర్గానిక్ (సహజమైనవని కాదు, ల్యాబులో చేసిన కార్బన్ సమ్మేళనాలు) ఎరుపులూ నారింజలూ ముందు బలహీనపడతాయి. కార్బన్ నలుపు కలిసి ఉంటే అది మొండిగా నిలుస్తుంది. వెచ్చదనం పోయి నలుపు మిగిలితే కనిపించేది బూడిద. లేత రంగుల్లో తెలుపు కోసం టైటానియం డయాక్సైడ్ కలుపుతారు, అది మిగిలిపోతే పెదవి సున్నం పూసినట్టు పాలిపోయి ఉంటుంది. కాబట్టి సీసా మీద ఏం కలిపారో, బ్యాచ్ నంబరు, గడువు తేదీ రాసి ఉందో లేదో చూడండి, చూపించమంటే చూపించాలి. యూరప్ దేశాల్లో 2022 జనవరి నుంచి పచ్చబొట్టు రంగుల్లో వాడే వేలాది రసాయనాల మీద ఆంక్షలు పెట్టారు. లేబుల్ లేని సీసాలో ఏముందో వేసే మనిషికి కూడా తెలియదు.

ఇంకో సంగతి. రెండేళ్లకి రంగు వెలిసి పెదవి మళ్లీ నల్లగా కనిపిస్తే "టాటూ వల్ల నల్లబడింది" అనుకుంటారు. చాలాసార్లు అది మీ పాత రంగే, తెర తొలగి బయటపడింది. రెండేళ్లు గులాబీకి అలవాటైన కంటికి ఎక్కువ నల్లగా అనిపిస్తుంది. అందుకే మొదలుపెట్టే ముందు ఏ క్రీమూ లేకుండా ఒక ఫోటో తీసి దాచుకోమని అందరికీ చెబుతాను. నిజంగానే నల్లబడే సందర్భాలూ లేకపోలేదు. మన చర్మానికి దెబ్బ తగిలినచోట నల్ల మచ్చ పడే గుణం ఉంది. ఒకేచోట సూది పదే పదే ఆడించి పెదవిని నలిపేస్తే అక్కడ నలుపు పెరుగుతుంది. మీ మోచేతి మీదో మోకాలి మీదో పాత దెబ్బ మచ్చలు నల్లగా నిలిచిపోయాయా? అయితే వేసేవాళ్లకి ఆ మాట తప్పకుండా చెప్పండి.

జ్వరం పొక్కుల గురించి తప్పక చదవండి. వెనకట నేను ఫారంలో "హెర్పిస్ ఉందా?" అని అడిగేదాన్ని. అందరూ లేదనేవాళ్లు. గుంటూరు నుంచి వచ్చిన ఒక టీచరమ్మా లేదనే రాసింది. నాలుగో రోజు పొద్దున్నే ఫోన్, పెదవంతా నీటి పొక్కులు, మంట, నీళ్లు కూడా తాగలేకపోతోంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాక ఆయన అడిగాడు, "జ్వరం వచ్చినప్పుడు మూతి పేలుతుందా అమ్మా?" అని. "ఆ, ఏటా పేలుతుంది" అంది. ఆ పేలడమే హెర్పిస్. ఒకసారి ఒంట్లోకి వచ్చిన వైరస్ నరాల్లో దాక్కుని ఉంటుంది, పెదవి మీద సూది పడితే లేస్తుంది. పొక్కులు లేచినచోటల్లా రంగు పోయి ఆవిడ పెదవి మచ్చలు మచ్చలుగా మానింది. తప్పు ఆవిడది కాదు, ఆవిడకి తెలిసిన మాటల్లో నేను అడగలేదు. ఇప్పుడు నేను "జ్వరానికి మూతి పేలుతుందా?" అనే అడుగుతాను. ఉందంటే ముందు డాక్టరుకి చూపించుకుని, ఎసైక్లోవిర్ లాంటి మందు ఆయన రాసినట్టు ముందు నుంచే వాడితేనే పని మొదలుపెడతాను. మందుల షాపులో అడిగి సొంతంగా వేసుకోకండి.

మానే పది రోజులూ ఏం చేయాలంటే, చెప్పడానికి చాలా తేలిక, పాటించడమే కష్టం. కాచి చల్లార్చిన నీళ్లతో శుభ్రమైన గాజుగుడ్డ తడిపి అద్దడం, చెప్పిన ఆయింట్‌మెంట్ పల్చగా రాయడం, పెచ్చుల్ని గిల్లకుండా ఉండటం. గిల్లిన పెచ్చు కింద పక్వానికి రాని చర్మంతో పాటు రంగు ముక్కగా లేచి వస్తుంది, అక్కడ బొల్లి పట్టినట్టు ఖాళీ మిగులుతుంది. ఆవకాయ, మిరపకాయ బజ్జీ, పొగలు కక్కే టీ, నిమ్మకాయ పులుసు పక్కన పెట్టాలి. పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ చిన్న ముక్కలుగా చెంచాతో తినండి. పళ్లు తోముకునేటప్పుడు పేస్టు నురగ పెదవికి అంటకుండా చూసుకోండి. ఈత, ఆవిరి పట్టడం వద్దు. ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమకొద్దీ పసుపు, వెన్న కలిపి రాస్తారు. ఒకమ్మాయికి వాళ్లమ్మ మూడో రోజు అదే రాసింది. పెదవి పసుపుపచ్చగా అవడమే కాదు, చీము పట్టింది, యాంటీబయాటిక్ వాడాల్సి వచ్చింది. తెరిచి ఉన్న పుండు మీద వంటింటి డబ్బాలో పసుపు వద్దని ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.

మానాక రంగును నిలిపేది, పోగొట్టేది రెండు మూడు అలవాట్లే. అన్నింటికన్నా పెద్ద శత్రువు ఎండ. మా విజయవాడలో మే నెల ఎండ ఎలా ఉంటుందో తెలిసిందే. స్కూటీ మీద వెళ్లేటప్పుడు ముక్కూ మూతీ కప్పి చున్నీ చుట్టుకునే అమ్మాయిల రంగు ఏడాదికి కూడా నిండుగా ఉండటం నేను గమనించాను. పక్కనే అదే నెలలో వేయించుకుని, ఎండలో ఫీల్డు ఉద్యోగం చేసే ఆవిడ రంగు అప్పటికే సగమైంది. ఎస్‌పీఎఫ్ 30 ఉన్న లిప్ బామ్ రోజూ రాయండి, తిన్న తర్వాత మళ్లీ రాయండి. దానికన్నా చవకైన కాపలా లేదు. రెండోది, చర్మాన్ని ఒలిచే క్రీములు. మొటిమలకీ మచ్చలకీ వాడే రెటినాల్, గ్లైకాలిక్ యాసిడ్ లాంటివి రాత్రి రాసుకుంటే దిండుకి అంటి పెదవి దాకా వస్తాయి, పొర త్వరగా రాలి రంగు త్వరగా పల్చబడుతుంది. పంచదార, తేనెతో పెదవుల్ని రుద్దే స్క్రబ్బులూ అంతే. సిగరెట్టు రంగును పాడుచేయడమే కాక పెదవిని మళ్లీ నల్లబరుస్తుంది. మాటిమాటికీ పెదవి నాలుకతో తడుపుకునే, పళ్లతో కొరుక్కునే అలవాటున్నా ఎక్కువ రోజులు ఆశించకండి.

టచప్ గురించి చాలామంది చెప్పని మాట ఒకటుంది. ఏడాది తిరిగేసరికి ఫోన్ చేసి "ఆఫర్ ఉంది, మళ్లీ వేయించుకోండి" అంటారు. రంగు ఇంకా ఉండగానే దాని మీద రంగు ఎక్కిస్తూ పోతే నాలుగైదేళ్లకి పెదవిలో రంగు పేరుకుపోతుంది. దళసరిగా, ముదురుగా, అంచులు చెదిరి, ఇక ఏ రంగు వేసినా గోధుమగానే కనిపిస్తుంది. సగానికి పైగా వెలిసాకే మళ్లీ కూర్చోండి. ఏడాదిన్నరకి బాగానే ఉందనిపిస్తే వదిలేయండి. నేను చాలామందిని అలా వెనక్కి పంపాను.

బాగా రాకపోతే లేజర్‌తో తీయించుకోవచ్చు కదా అనుకోవద్దు. టైటానియం డయాక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు మీద లేజర్ పడితే వెంటనే నల్లగా మారే ప్రమాదం ఉంది. లిప్ రంగుల్లో అవి తరచుగా ఉంటాయి. తీయించక తప్పకపోతే చర్మవైద్యుల దగ్గర, చిన్న చుక్కంత చోట పరీక్షించి చూశాకే ముందుకెళ్లాలి.

పెదవి నలుపు పుట్టుకతో వచ్చిందా, మధ్యలో వచ్చిందా అన్నది కూడా చూసుకోండి. మీకు చిన్నప్పట్నుంచీ ఉంది కాబట్టి బహుశా మీ ఇంటి ఛాయే. అయినా ఒకసారి స్కిన్ డాక్టరుకి చూపించండి. లిప్‌స్టిక్‌కో టూత్‌పేస్ట్‌కో పడక నల్లబడే పెదవులుంటాయి. లైకెన్ ప్లానస్ లాంటి జబ్బుతో నల్లబడేవీ ఉంటాయి. అలాంటివాటి మీద రంగు వేస్తే జబ్బును కప్పిపెట్టినట్టవుతుంది. బొల్లి ఉన్నవాళ్లు కూడా నన్ను అడుగుతుంటారు. పెదవి మీది తెల్ల మచ్చకి రంగు ఎక్కించడం చర్మవైద్యులు చేస్తున్నదే, బాగా పనికొస్తుంది కూడా. కానీ మచ్చ పెరగకుండా కనీసం ఏడాదిగా ఆగి ఉండాలి. ఆగకుండా సూది పెడితే ఆ గాయం దగ్గరే కొత్త మచ్చ రావచ్చు. అది పార్లర్‌లో తేల్చే విషయం కాదు.

గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ నేను వేయను. మొటిమలకి ఐసోట్రెటినోయిన్ బిళ్లలు వాడినవాళ్లని ఆపాక ఆరు నెలలు ఆగమంటాను. షుగరు అదుపులో లేకపోతే, దెబ్బ తగిలినచోట చర్మం గడ్డలా పెరిగే గుణం ఉంటే వద్దు. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే డాక్టరునడక్కుండా వాటిని ఆపి రాకండి. రక్తదానం చేసే అలవాటుంటే వేయించుకున్నాక ఏడాది ఆగాలి. ఎప్పుడైనా ఎమ్మారై తీయాల్సి వస్తే పెదవికి రంగు ఉందని అక్కడివాళ్లకి చెప్పండి, కొన్ని రంగుల్లోని ఇనుము వల్ల అరుదుగా చురుక్కుమంటుంది.

వేసేవాళ్లని ఎంచుకునేటప్పుడు ఒక్కటి మాత్రం పట్టుబట్టి అడగండి: మానిన పెదవుల ఫోటోలు. వేసిన రోజు ఫోటో ఎవరిదైనా అందంగానే ఉంటుంది. మీలాంటి నల్ల పెదవి, వేయకముందు, రెండు నెలలకి, ఏడాదికి, ఒకే మనిషివి మూడు ఫోటోలు చూపించగలరా? చూపించలేకపోతే లేచి వచ్చేయండి. సూది కాట్రిడ్జ్ సీలు మీ కళ్ల ముందు విప్పాలి, పని కాగానే మీ ముందే పారేయాలి.

ఇక మీ పెళ్లి. నిజం చెప్పాలంటే పీటల మీద కూర్చునే రోజుకి ఇది అవసరం లేదు. ఆ రోజు మేకప్ చేసేవాళ్లు ఎలాగూ లిప్‌స్టిక్ వేస్తారు. ఇది పెళ్లయ్యాక రోజూ పొద్దున్నే అద్దంలో చూసుకునేటప్పుడు మీకు నచ్చాలి, అందుకైతేనే వేయించుకోండి. అత్తవారింట ఎవరో ఏదో అన్నారనో, అంటారనో అయితే ఆగండి.

వేయించుకోవాలనే అనుకుంటే నాలుగు నెలలు సరిగ్గా సరిపోతాయి, కానీ వృథా చేయడానికి లేదు. ఈ వారం స్కిన్ డాక్టరు. పదిహేను రోజుల్లోపు మొదటి విడత, నారింజ వైపు రంగు. ఎనిమిది వారాలకి రెండో విడత. దాని తర్వాత పెళ్లికి కనీసం ఆరు వారాలుండాలి, ఆ ఆరు వారాల్లో పెదవి మీద కొత్తగా ఏదీ చేయించొద్దు. మూడో విడత కావాలనిపించినా పెళ్లయ్యాకే పెట్టుకోండి. తేదీలు కుదరకపోతే మొత్తం పెళ్లి తర్వాతకి వాయిదా వేయండి, పెచ్చులూడే పెదవులతో పెళ్లి చూపులకీ నిశ్చితార్థానికీ కూర్చుని బాధపడినవాళ్లని చూశాను.

డాక్టరు సరేనన్నాక వచ్చి చెప్పండి. మీ పై పెదవి, కింది పెదవి రెండూ ఒకే నలుపా, లేక పై పెదవి ఎక్కువా, అంచు చుట్టూ నల్ల గీతలా ఉందా అన్నది పొద్దున పూట కిటికీ దగ్గర, ఏమీ రాసుకోకుండా అద్దంలో చూసి రాయండి. జ్వరానికి మూతి పేలుతుందో లేదో కూడా రాయండి. దాన్నిబట్టి ఎన్ని విడతలు పడతాయో నాకు తోచింది చెబుతాను.